పట్టేసిన రేడియేటర్ వాల్వులు: రెడింగ్‌లో ఒక పాత ఇంటి కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 1930లలో కట్టిన ఇల్లది. సెమీ డిటాచ్డ్, అంటే ఒక పక్క గోడ పొరుగింటితో కలిసి ఉంటుంది. పైన మూడు పడకగదులు, గదులను వేడిచేసే రేడియేటర్లు మొత్తం ఎనిమిది. వసంతంలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి అక్కడ అదే మొదటి చలికాలం. అక్టోబరు చివర్లో హీటింగ్ వేసిన దగ్గర్నుంచీ మూడు గదుల్లో మూడు రకాల తంటాలు. పైన వెనక పడకగదిలో రేడియేటర్ అసలు వేడెక్కదు. కింద ముందు గదిలోది ఎంత తిప్పినా ఆగదు, సోఫాలో కూర్చుంటే చెమటలే. ఇక్కడివాళ్లు బాక్స్ రూమ్ అనే చిన్న గదిలోది వేడెక్కిందో లేదో చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలియదు.

హీటింగ్ పనులు చేసేవాణ్ని కాబట్టి ఇంటాయన నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మూడు వాల్వులూ పట్టేసినట్టున్నాయి. వీడియోల్లో చూశాను, పిన్నును కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని పైకి లాగమంటున్నారు. లాగనా?"

లాగొద్దన్నాను. శనివారం వస్తాను, అప్పటిదాకా ప్లేయర్ సంచిలోనే ఉంచమన్నాను.

ఈ కేసు రాయడానికి కారణం ఆ ప్రశ్నే. చలి మొదలయ్యే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో చాలా వాటిలో ఇదే మాట వినిపిస్తుంది. వాల్వు పట్టేసిందని అందరూ అంటారు, నిజంగా ఏ భాగం ఎక్కడ పట్టేసిందో మాత్రం ఎవరూ చూడరు. ఈ ఇంట్లో మూడు వాల్వులకీ మూడు వేర్వేరు రోగాలు. ఒకదానికి పనికొచ్చిన మందు రెండోదాన్ని పాడుచేసేదే.

ముందు ఈ సిస్టం గురించి కొంచెం. బాయిలర్ నీళ్లను వేడి చేస్తుంది, పంపు వాటిని గదిగదికీ తిప్పుతుంది. ప్రతి రేడియేటర్‌కీ రెండు చివర్లా రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి మనం వాడుకునేది: అంకెల తలకాయ ఉన్న థర్మోస్టాటిక్ వాల్వు, అంటే టీఆర్వీ, లేదా పాత ఇళ్లలో మామూలు చేతి చక్రం. రెండోది లాక్‌షీల్డ్. దాని మీద ఉత్త ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, తిప్పితే వట్టిగా తిరుగుతుంది. ఏ రేడియేటర్‌కి ఎన్ని నీళ్లు వెళ్లాలో సిస్టం అమర్చినవాడు దానితో సరిచేసి వదిలేస్తాడు. ఆ తర్వాత దాని జోలికి ముప్ఫై ఏళ్లయినా ఎవరూ పోరు. అందుకే అది పట్టేస్తుంది.

ఈ ఇంట్లో హీటింగ్ మొదట 1970ల ప్రాంతంలో పెట్టినట్టుంది. కొన్ని చోట్ల అర అంగుళం పాత కొలత రాగి పైపులు, కొన్ని చోట్ల 15 మిల్లీమీటర్లవి కనిపించాయి. అటక మీద పాత ట్యాంకు ఇంకా ఉంది గానీ ఎండిపోయి ఉంది, పైపులు కోసేసి మూతలు వేశారు. వంటింట్లో కాంబీ బాయిలర్ (హీటింగ్‌కూ కుళాయి వేడి నీళ్లకూ ఒకటే) పెట్టినప్పుడు సిస్టమ్‌ని సీల్డ్‌గా, అంటే ట్యాంకు లేకుండా ప్రెషర్‌తో నడిచేలా, మార్చారన్నమాట. అటక ఎక్కి చూడటం నాకు తప్పనిసరి. అక్కడ ట్యాంకు పని చేస్తూ ఉంటే, వాల్వు దగ్గర నీళ్లు చిమ్మిన కొద్దీ పైన బాల్‌కాక్ (తేలే బంతితో తెరుచుకునే, మూసుకునే కుళాయి) తెరుచుకుని మళ్లీ నింపుతూనే ఉంటుంది, నీళ్లకు అంతుండదు. అలాంటి ఇంట్లో మొదటి పని ఆ బాల్‌కాక్ చేతిని కర్రకు కట్టేసి కిందికి దిగకుండా చేయడం. సీల్డ్ సిస్టంలో ఉన్న నీళ్లే ఉంటాయి. ప్రెషర్ పడిపోయాక, వాల్వు కంటే ఎత్తున ఉన్న నీళ్లు మాత్రమే దిగి వస్తాయి.

తర్వాత వేళ్లతోనూ, పైపుకు తగిలించే థర్మామీటర్‌తోనూ వెతుకులాట. బాయిలర్ 65 డిగ్రీలకు పెట్టి, అన్ని తలకాయలూ పూర్తిగా తెరిచి అరగంట నడిపాను. వెనక పడకగదిలో టీఆర్వీ కింద పైపు 62 డిగ్రీలు, వాల్వు దాటి రేడియేటర్‌లోకి పోయే ఇత్తడి మెడ దగ్గర 24. వేడి నీళ్లు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి. ఇది మూసుకుపోయిన వాల్వు, ఇక సందేహం లేదు. బాక్స్ రూమ్‌లో లోపలికి వచ్చే వైపు 60, బయటికి పోయే వైపు 31. అంటే నీళ్లు కదులుతున్నాయి గానీ నత్తనడకన. పైభాగం మాత్రమే చల్లగా ఉంటే గాలి చేరిందని, కింద నడిమి భాగం చల్లగా ఉంటే మడ్డి పేరుకుందని అంటాం. ఇక్కడ కింద సగమంతా చల్లగా ఉంది. లాక్‌షీల్డ్ మీద నాకు అనుమానం, మడ్డి మీద ఇంకో అనుమానం. ముందు గదిలో చక్రం మూసే వైపు ఎంత తిప్పినా మెడ దగ్గర 61 డిగ్రీలే. చక్రం హాయిగా తిరుగుతోంది, వాల్వు మాత్రం మూసుకోవడం లేదు.

ఇంటాయన తల్లి భీమవరం నుంచి వచ్చి ఆ వెనక గదిలోనే ఉంటున్నారు. కరెంటు హీటర్ పక్కన శాలువా కప్పుకుని కూర్చుని, "బాబూ, ఇది బాగవుతుందా, నన్ను కింద సోఫాలో పడుకోమంటారా?" అన్నారు. "సాయంత్రానికి మీ గదే ముందు వేడెక్కుతుంది పెద్దమ్మా" అని ఆ గదితోనే మొదలుపెట్టాను.

వెనక గది: దిగి లేవని పిన్ను

టీఆర్వీ తలకాయలో మైనమో ద్రవమో నింపిన చిన్న గుళిక ఉంటుంది. గది వేడెక్కితే అది ఉబ్బి, కింద వాల్వులో ఉన్న సన్నటి పిన్నును నొక్కుతుంది, నీళ్లు ఆగుతాయి. గది చల్లబడితే గుళిక ముడుచుకుంటుంది. అప్పుడు వాల్వు లోపలి స్ప్రింగు పిన్నును మళ్లీ పైకి నెడుతుంది. దీన్ని 1943లో కనిపెట్టినవాడు డెన్మార్క్‌కు చెందిన మ్యాడ్స్ క్లౌసెన్, డాన్‌ఫాస్ స్థాపకుడు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఇన్నేళ్లలో మూల సూత్రం మారలేదు.

ఇందులో కీలకం ఏమిటంటే తలకాయకు నొక్కడం ఒక్కటే తెలుసు, ఎత్తే పని స్ప్రింగుది. బాల్‌పెన్ను మీటలాగే. పైగా చాలా వాల్వుల్లో మనకు పైకి కనిపించే పిన్ను, లోపల నీళ్లను ఆపే రబ్బరు బిళ్ల ఒకే ముక్క కావు. పిన్ను కింది కాడను తాకుతుందంతే, దానికి అతుక్కుని ఉండదు. కాబట్టి పైన పట్టుకుని లాగితే కింద బిళ్ల లేవదు. పిన్ను ఒక్కటే గ్లాండ్ లోంచి, అంటే నీళ్లు కారకుండా దాని చుట్టూ బిగించిన నట్టు లోంచి, ఊడి వస్తుంది, దాని వెనకే నల్లటి నీళ్లూ వస్తాయి. ఊడి రాకపోయినా ప్లేయర్ పళ్లు పిన్ను మీద గీతలు పెడతాయి. ఆ గీతలు లోపల నీళ్లు కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగును కోస్తాయి, వారం తర్వాత కార్పెట్ మీద గోధుమరంగు మరక కనిపిస్తుంది. తెగేదాకా లాగకూడదని మనవాళ్లు ఊరికే అనలేదు.

పిన్నును ముట్టుకునే ముందు ప్రెషర్ తగ్గించాను. బాయిలర్ ఆపి, చల్లారనిచ్చి, పై అంతస్తు రేడియేటర్‌లో గాలి వదిలే బ్లీడ్ స్క్రూ దగ్గర కొన్ని నీళ్లు జగ్గులోకి వదిలితే, కింద గేజ్ 1.3 బార్ నుంచి 0.5కి దిగింది. వంటింటి బాయిలర్ నుంచి ఈ గదికి దాదాపు మూడు మీటర్ల ఎత్తు. పది మీటర్ల నీటి ఎత్తుకు ఒక బార్ లెక్కన, ఇక్కడికి వచ్చేసరికి మిగిలేది 0.2 బారే. పిన్ను ఒకవేళ ఊడినా నీళ్లు చిమ్మవు, ఊరుతాయి. అప్పుడు వేలు అడ్డం పెట్టి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. కింద పాత తువ్వాళ్లు, వాటి మీద వంటింటి నుంచి తెచ్చిన బేకింగ్ ట్రే. ఈ నల్ల నీళ్లు లేత రంగు కార్పెట్ మీద పడితే ఏ సబ్బుకూ పోవు.

తలకాయ విప్పే ముందు దాన్ని 5 మీద పెట్టాలి. మూసిన స్థితిలో విప్పితే గుళిక బరువంతా పిన్ను మీదే ఉంటుంది, మరలు కూడా పాడవుతాయి. రింగు చేత్తోనే వదులైంది. లోపల పిన్ను మిల్లీమీటరు కంటే ఎక్కువ బయటికి లేదు. పోల్చుకోవడానికి ముందు పడకగదిలో బాగా పనిచేస్తున్న వాల్వు తలకాయ కూడా తీశాను. అదే కంపెనీ, అదే వయసు. అక్కడ పిన్ను నాలుగైదు మిల్లీమీటర్లు నిలబడి ఉంది, పానా చదునుతో నొక్కితే దిగి, వదలగానే టక్కున లేచింది. ఇంట్లో బాగున్న వాల్వు ఒకటి ఉంటే దానికంటే మంచి మాన్యువల్ లేదు.

పట్టేసేది రెండు చోట్ల. ఒకటి పైన, పిన్ను ఓ-రింగు గుండా దూరే చోట ఎండిన మురికి, సున్నం. రెండోది కింద, రబ్బరు బిళ్ల తాను కూర్చునే ఇత్తడి గద్దెకు అతుక్కుపోవడం. మొదటిదైతే సిలికాన్ గ్రీజు చుక్క, ఓపిక చాలు. రెండోదానికి కుదుపు కావాలి. చాలామంది ఇక్కడ నీలం డబ్బాలో వచ్చే నూనె స్ప్రే కొడతారు. నేను కొట్టను. ఈ వాల్వుల్లో సీళ్లు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి, పెట్రోలియం నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఈ రోజు జారుతుంది, వచ్చే ఏడాది కారుతుంది.

సుత్తి చెక్క పిడితో వాల్వు ఇత్తడి ఒంటి మీద పక్కల నుంచి చిన్నగా తట్టాను. పిన్ను తల మీద కొట్టకూడదు, అది వంగితే ఇక వాల్వు మార్చడమే. తట్టుతూ మధ్యమధ్యలో పానా చదునుతో పిన్నును ఇంకొంచెం కిందికి నొక్కి వదిలాను. లేవని పిన్నును ఇంకా నొక్కడమేమిటని ఇంటాయన అడిగాడు. ఆ అర మిల్లీమీటరు కదలికకే గద్దెకు అతుక్కున్న రబ్బరు అంచు విడిపోతుంది, స్ప్రింగుకు పట్టు దొరుకుతుంది. కాసేపటికి కిర్రుమని చిన్న చప్పుడు, పిన్ను సగం లేచింది. గ్రీజు పెట్టి నొక్కుతూ వదులుతూ ఉంటే, పక్క గది దానిలాగే పూర్తిగా లేవసాగింది. కుళాయి నీళ్లను సిస్టంలోకి నింపే ఫిల్లింగ్ లూప్ తెరిచి ప్రెషర్ మళ్లీ 1.2కి తెచ్చి బాయిలర్ వేస్తే, రెండు నిమిషాల్లో మెడ దగ్గర వేడి తెలిసింది.

కదిలిందని అక్కడితో వదిలేయలేదు. తలకాయ బతికుందో లేదో చూడాలి. దాన్ని 1 మీద పెట్టి వెచ్చటి చోట కాసేపు ఉంచి లోపలి బుడిపె ఎంత ముందుకొచ్చిందో చూశాను. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి చూస్తే వెనక్కి పోయింది. గుళిక బాగానే ఉంది. గుళిక చచ్చిన తలకాయ ఎప్పటికీ నొక్కదు, అప్పుడు రేడియేటర్ ఆగకుండా కాలుతుంది, జనం దాన్నీ వాల్వు పట్టేసిందనే అంటారు. మార్చాల్సింది తలకాయ మాత్రమే, దానికి నీళ్లు దించాల్సిన పని కూడా లేదు.

అసలు ఎందుకు పట్టేసింది? ఇల్లు అమ్మకానికి పెట్టి చాలాకాలం ఖాళీగా ఉందట. అన్ని పడకగదుల్లో తలకాయలు మంచు గుర్తు మీద పెట్టి వెళ్లారు. ఆ గుర్తుకు అర్థం గది 7 డిగ్రీల ప్రాంతానికి పడిపోతే తప్ప తెరవొద్దని. వేసవంతా పిన్ను కిందికి నొక్కుకుని, రబ్బరు గద్దె మీద ఒత్తుకుని ఉండిపోయింది. వేసవిలో తలకాయలను పూర్తిగా తెరిచి, 5 మీద వదిలేయాలి. బాయిలర్ హీటింగ్ ఆపి ఉంటుంది కాబట్టి గది వేడెక్కదు, స్ప్రింగు మాత్రం విశ్రాంతిగా ఉంటుంది. జర్మనీలో ఉన్న మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది, అక్కడి హైట్సుంగ్ (హీటింగ్) వాల్వులూ ఈ జాతివే.

ఆ గదిలో ఇంకో సంగతి ఉంది. కొత్తగా కొన్న మందపాటి కర్టెన్ నేల దాకా వేలాడుతూ తలకాయను పూర్తిగా కప్పేస్తోంది. కర్టెన్ వెనక చిక్కుకున్న వేడిని చూసి తలకాయ గదంతా వేడెక్కిందనుకుని ముందే మూసేస్తుంది. పిన్ను బాగుచేసి నేను వెళ్లిపోయినా పెద్దమ్మకు చలి తగ్గేది కాదు. కర్టెన్‌ను కిటికీ గట్టు వరకు మడిచి పిన్నీసులు పెట్టించాను.

ముందు గది: తిరిగే చక్రం, తిరగని కాడ

ఇక్కడ టీఆర్వీ లేదు, పాత ప్లాస్టిక్ చక్రమే. పైన స్క్రూ తీసి చక్రం ఎత్తితే విషయం బయటపడింది. చక్రం లోపలి పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. కింద ఇత్తడి కాడ కదలడం లేదు, చక్రం దాని చుట్టూ ఊరికే తిరుగుతోంది. కాడ ఎప్పుడో బిగుసుకుంటే, ఎవరో బలవంతంగా తిప్పీతిప్పీ ప్లాస్టిక్ పళ్లను అరగదీశారు.

కాడ చుట్టూ గ్లాండ్ నట్టు ఉంటుంది, దాని కింద నీళ్లు కారకుండా కూరిన ప్యాకింగ్. అది ఎండి గట్టిపడితే కాడను పట్టేస్తుంది. పద్ధతి: ఒక పానాతో వాల్వు ఒంటిని కదలకుండా పట్టుకోవాలి, రెండో పానాతో గ్లాండ్ నట్టును పావు చుట్టు వదులు చేయాలి. ఆ తర్వాత కాడను ఇటొక వెంట్రుకవాసి, అటొక వెంట్రుకవాసి ఆడించాలి. వాల్వు ఒంటిని పట్టుకోకుండా తిప్పితే ఆ బలమంతా నేలలోకి దిగే పైపుకు పోతుంది. చెక్క పలకల కింద ఉన్న పాత జాయింటు ఒకటి కదిలితే, కారేది ఎక్కడో కూడా కనపడదు.

కాడ లొంగింది. పూర్తిగా మూసే దాకా తిప్పగలిగాను. కానీ మూసినా మెడ దగ్గర వేడి తగ్గలేదు, 61 నుంచి 50కి వచ్చి అక్కడే నిలిచింది. గద్దె అరిగిపోయింది. గ్లాండ్ దగ్గర చెమ్మ కూడా మొదలైంది. చెమ్మ ఒక్కటే అయితే సులువు: వాల్వు మూసి, లాక్‌షీల్డ్ మూసి, గ్లాండ్ నట్టు పైకి జరిపి, టెఫ్లాన్ టేపును దారంలా పురిపెట్టి కాడ చుట్టూ నట్టు బిగిసే దిక్కుగా రెండు మూడు చుట్లు చుట్టి, సన్నటి స్క్రూడ్రైవర్‌తో లోపలికి కూరి, నట్టును మెల్లగా బిగిస్తే సరిపోయేది. ఇంకో ఐదేళ్లు వచ్చేది. గద్దె అరిగిన వాల్వుకు ఆ సేవ దండగ. మార్చాలని చెప్పాను.

ఒక్క వాల్వే అయితే పైపును గడ్డకట్టించే ఫ్రీజింగ్ కిట్‌తో నీళ్లు దించకుండానే మార్చవచ్చు. కానీ బాక్స్ రూమ్ సంగతి ఇంకా తేలలేదు, నీళ్ల రంగు చూస్తే సిస్టమ్‌ని ఎలాగూ కడగాలనిపించింది. అందుకే ఖాళీ చేద్దామని నిర్ణయించుకుని బాక్స్ రూమ్‌కి వెళ్లాను.

బాక్స్ రూమ్: రంగు పొరల కింద లాక్‌షీల్డ్

లాక్‌షీల్డ్ టోపీ కూడా రేడియేటర్‌తో కలిపి రంగు వేసేశారు, తెల్ల పెయింట్ మీద తెల్ల పెయింట్, ఎన్ని పొరలో. చాకుతో అంచు కోసి టోపీ తీస్తే, లోపల ఇత్తడి కాడ చివర నలుచదరపు తల. రంగు ఆ తల దాకా దిగింది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి రంగు గీశాను. బ్లో ల్యాంప్ వాడేవాళ్లను చూశాను. కార్పెట్, చెక్క, రబ్బరు రింగులు ఉన్న చోట మంట పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

బాగా పనిచేసే లాక్‌షీల్డ్‌ను మూసేటప్పుడు ఎన్ని చుట్లకు మూసుకుందో లెక్కపెట్టి, గోడ మీద టేపు అంటించి రాసిపెట్టుకోవాలి. తిరిగి అంతే తెరవాలి, లేకపోతే ఇంట్లో మిగతా గదుల వాటా మారిపోతుంది. ఇక్కడ లెక్కపెట్టేందుకు కాడ కదిలితేగా. మొదట మూసే దిక్కుకు, తర్వాత తెరిచే దిక్కుకు, రెండు పానాలతో ఆడించాను. తల మూలలు గుండ్రబడడం మొదలైంది. అంతకంటే కాస్త ముందే కాడ మెలి తిరుగుతున్నట్టు చేతికి తెలిసింది. మెత్తగా, స్ప్రింగులా లొంగుతుంది, మరలు కదిలినప్పటి గరుకు ఉండదు. ఆ మెత్తదనం తెలిస్తే ఆపేయాలి. నీళ్లతో నిండిన సిస్టంలో కాడ విరిగితే ఆ శనివారం ఇక నీళ్లు ఎత్తిపోయడానికే సరిపోతుంది. దీన్నీ మార్చే జాబితాలో చేర్చాను.

బయట గోడకు, వెనక తలుపు పక్కన నీళ్లు ఖాళీ చేసే డ్రెయిన్ కాక్ ఉంది. గొట్టం తగిలించి, బాయిలర్ ఐసొలేషన్ వాల్వులు మూసి, పై అంతస్తులో బ్లీడ్ స్క్రూలు తెరిచి నీళ్లు దించాను. మొదట కాఫీ రంగు, తర్వాత సిరా రంగు. ఒక జామ్ సీసా నిండా పట్టి, లోపల అయస్కాంతం ముంచి ఇంటాయనకు చూపించాను. అయస్కాంతానికి నల్లటి బురద జూలులా పట్టింది. మాగ్నెటైట్ అది, ఉక్కు రేడియేటర్లు లోపలి నుంచి తినేసుకుంటే పుట్టే ఇనుప ఆక్సైడ్. ఎర్ర తుప్పుకు బాగా గాలి కావాలి, ప్రాణవాయువు తక్కువున్న చోట పుట్టేది ఈ నల్లది. వాల్వు గద్దెల మీద, పిన్నుల చుట్టూ చేరి వాటిని బిగదీసే మురికిలో పెద్ద వాటా దీనిదే. నీళ్లలో తుప్పును ఆపే ఇన్హిబిటర్ మందు ఉందో లేదో చూసే కిట్‌తో పరీక్షిస్తే, లేదనే వచ్చింది.

వాల్వులు మార్చడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అర అంగుళం పాత పైపు బయటి కొలత 15 మిల్లీమీటర్లకు చాలా దగ్గర, కొత్త కంప్రెషన్ నట్టు, దాని కింద నలిగి పైపును పట్టే ఇత్తడి ఆలివ్ రింగు దానికి సరిపోతాయి. ముప్పావు అంగుళం పైపు అయితే 22 మిల్లీమీటర్ల రింగు అలా పట్టదు, దానికి వేరే రింగు కావాలి. కొత్త వాల్వు పాతదానికంటే పొట్టి, అందుకని రేడియేటర్‌లోకి బిగించే మెడ పొడుగుది తీసుకున్నాను, పైపును లాగి అందించే అవసరం రాలేదు. ముందు గదికి టీఆర్వీ పెట్టాను, నీళ్లు ఎటు నుంచి వచ్చినా పనిచేసే రకం. పాత ఒక దిక్కు వాల్వులను తిరుగు పైపు మీద పెడితే మూసుకునే ముందు దబదబ కొట్టుకుంటాయి. ఈ ఇంటి గోడ థర్మోస్టాట్ హాల్లో ఉంది, హాల్ రేడియేటర్‌కి టీఆర్వీ లేదు. అలాగే ఉండాలి. గోడ థర్మోస్టాట్ ఉన్న గదిలో టీఆర్వీ పెడితే అది ముందే మూసేస్తుంది, గోడ మీది పెట్టె ఇంకా చలిగా ఉందనుకుని బాయిలర్‌ను నడుపుతూనే ఉంటుంది.

బాక్స్ రూమ్‌లో లాక్‌షీల్డ్ విప్పాక రేడియేటర్ కింది మూలలో వేలు పెడితే ముద్దగా తగిలింది. ఇక కొత్త వాల్వు ఒక్కటే బిగించి ఊరుకోవడంలో అర్థం లేదు. రేడియేటర్‌ను గోడ నుంచి దింపి, రెండు చివరలకీ బిరడాలు పెట్టి, ఇద్దరం పట్టుకుని వెనక పెరట్లోకి మోసుకెళ్లాం. తోట గొట్టంతో ఇటు నుంచి, అటు నుంచి, తిరగేసి, రబ్బరు సుత్తితో తడుతూ కడిగాం. గడ్డి మీద నల్లటి మడుగు. పెద్దమ్మ కిటికీ లోంచి చూసి, "ఇన్నాళ్లూ ఈ నీళ్లతోనా వేడి చేసుకున్నాం!" అన్నారు. ఈ నీళ్లూ కుళాయి నీళ్లూ ఎక్కడా కలవవని చెప్పాకే ఆవిడ స్నానానికి వెళ్లారు.

నింపడం, చూడటం

మంచి నీళ్లతో ఒకసారి నింపి, నడిపి, మళ్లీ దించాను. రెండోసారి నింపేటప్పుడు ఇన్హిబిటర్ పోశాను. లీటరు సీసా సుమారు 100 లీటర్ల సిస్టమ్‌కు సరిపోతుంది, ఇలాంటి ఇంటికి ఒకటి చాలు. గేజ్ 1.3కి వచ్చాక ఫిల్లింగ్ లూప్ మూసి, గొట్టం విప్పేశాను. దాన్ని తగిలించి వదిలేస్తే, లూప్ వాల్వు కొంచెం లీకైనా ప్రెషర్ మెల్లగా పెరుగుతూ పోయి, 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుని బయటికి కక్కుతుంది.

కొత్త జాయింట్ల చుట్టూ టాయిలెట్ కాగితం చుట్టి చూడటం నా అలవాటు. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా వేడెక్కాక ఒకసారి, మళ్లీ చల్లారాక ఒకసారి. ఈ మూడోది చాలామంది చెయ్యరు. వేడికి ఇత్తడి, రాగి సాగి జాయింటు బిగుస్తుంది, చల్లారి ముడుచుకున్నప్పుడే సన్నటి చెమ్మ బయటపడుతుంది. ముందు గది నట్టు దగ్గర కాగితం మీద చుక్కంత తడి కనిపించింది, ఎనిమిదో వంతు చుట్టు బిగిస్తే ఆగింది.

తర్వాత బ్యాలెన్సింగ్. బాక్స్ రూమ్, వెనక గది ఇన్నాళ్లూ నీళ్లు తీసుకోలేదు, ఇప్పుడు తీసుకోవడంతో ముందు పడకగది కొంచెం చప్పబడింది. లాక్‌షీల్డ్‌లతో అందరి వాటా మళ్లీ పంచాను. పాత బాయిలర్ల రోజుల్లో రేడియేటర్‌కి లోపలి, బయటి వేడి తేడా 11 డిగ్రీలు ఉండేలా చూసేవాళ్లం. కండెన్సింగ్ బాయిలర్‌కు 20 దాకా తేడా ఉంటే మంచిది, తిరుగు నీళ్లు 55 డిగ్రీల కంటే కిందికి వస్తేనే అది ఆవిరిలోని వేడిని తిరిగి రాబట్టుకోగలదు. చివర్లో బాక్స్ రూమ్‌లో లోపలికి 62, బయటికి 45. వెనక గదిలో 62, 44. ముందు గదిలో తలకాయ మూస్తే కాసేపటికి మెడ చల్లబడింది, 3 మీద పెడితే గది 20 డిగ్రీల దగ్గర నిలిచింది.

వాల్వులు, పైపులు, రేడియేటర్ల వంటి నీళ్ల వైపు పనికి బ్రిటన్‌లో గ్యాస్ సేఫ్ రిజిస్ట్రేషన్ (గ్యాస్ పని చేసేవాళ్లకు తప్పనిసరి నమోదు) అక్కర్లేదు. ఓపిక ఉన్న ఇంటాయన పిన్ను పని తానే చేసుకోవచ్చు, తప్పేమీ లేదు. ప్రెషర్ తగ్గించి, ట్రే పెట్టుకుని, లాగకుండా నొక్కితే చాలు. బాయిలర్ మూత విప్పి లోపల గ్యాస్ జోలికి వెళ్లడం మాత్రం రిజిస్టరైన వాళ్ల పని. అద్దె ఇల్లైతే అసలు చెయ్యే పెట్టొద్దని విద్యార్థులకు చెబుతుంటాను. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం హీటింగ్ పనిచేసేలా ఉంచే బాధ్యత ఇంటి యజమానిది. ఈమెయిల్ రాసి, ఫొటో జత చేసి, జవాబు కోసం చూడండి. మీరు ప్లేయర్‌తో ఊడగొట్టిన పిన్నుకు ఆ సెక్షన్ అక్కరకు రాదు.

బాయిలర్‌కు తిరిగొచ్చే పైపు మీద మాగ్నెటిక్ ఫిల్టర్ పెట్టమన్నాను. ఈ నెల ఖర్చులు చాలన్నాడు ఇంటాయన, వేసవిలో బాయిలర్ సర్వీసుతో కలిపి పెట్టుకుందామనుకున్నాం. కింద వెనక గది లాక్‌షీల్డ్ కూడా బిగువుగానే ఉంది. అయితే అది ఉన్న స్థితిలో ఆ గదికి వేడి సరిపోతోంది, కారడం లేదు. దాన్ని కదపలేదు. ఫిల్టర్ పెట్టే రోజు నీళ్లు ఎలాగూ దించాలి, దాన్నీ అప్పుడే మారుస్తాం.